వెనక్కి చూడని మిడత

"చివర పరిగెత్తేది ఎప్పుడూ పదో తరగతివాళ్ళేగా సార్! దీన్నెలా పెడతారు?" అక్క గొంతు మైదానమంతా వినిపించింది.

"దీని కాళ్ళు నీకున్నాయా?" అన్నారు డ్రిల్ మాస్టారు. "ఇవాళ చివర మిడతే. దానికి ముందు నువ్వు."

మిడత అంటే చెల్లెలు. ఎనిమిదో తరగతి. మనిషికన్నా ముందు కాళ్ళు పెరిగాయని స్కూలంతా కలిసి పెట్టిన పేరది. ఆ ప్రభుత్వ హైస్కూలు గడప రిలే షీల్డు ఇంతవరకూ దాటలేదు. హెడ్మాస్టారి గదిలో దానికోసం కొట్టిన మేకుకి కేలండరు కూడా తగిలించనివ్వరు. అలాంటి షీల్డు భారం ఇవాళ మిడత కాళ్ళమీద పడింది.

"ఇది ఒట్టి కంగారు మనిషి సార్. వెనక్కి చూసి చూసి బోర్లా పడుతుంది," అని మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది అక్క.

మాస్టారు ఎర్ర బేటన్ మొదటి అమ్మాయి చేతికిచ్చి మిడత వైపు తిరిగారు.

"చెయ్యి వెనక్కి చాపి ఉంచు. బేటన్ పడగానే లగెత్తు. వెనక్కి చూశావో, చెవి మెలేస్తా!"

"చూడను సార్. ఒట్టు!"

ఫైనల్లో మిగిలినవి రెండే స్కూళ్ళు. ఈల మోగింది. మొదటి అమ్మాయి కాస్త వెనకపడింది, రెండో అమ్మాయి సర్దుకొచ్చింది. ఇక ఎర్ర బేటన్‌తో అక్కా, నీలం బేటన్‌తో పక్క హైస్కూలు పిల్లా భుజాలు రాసుకుంటూ వచ్చేస్తున్నారు. పొద్దుటినుంచీ తొక్కిన తొక్కుడికి సున్నం గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. మిడత తన పక్కనే నీలం బేటన్ కోసం కాచుకున్న పిల్లని మోచేత్తో కాస్త జరిపి, చోటు చేసుకుని, ముందుకే చూస్తూ చెయ్యి వెనక్కి చాపింది.

టప్‌మని అరచేతిలో బేటన్ పడింది.

ఇక చూస్కో! వెనకాల అడుగుల చప్పుడే లేదు. "అంత వెనకపడ్డారా!" అని మిడత ఒళ్ళు పొంగిపోయింది. మైదానం హోరెత్తింది. ఆ హోరులో అక్క గొంతు! "మిడతా! ఒసేయ్ మిడతా!" అని గొంతు చించుకుంటోంది. అలిగిన అక్క తనకోసం అరుస్తోంది! మిడతకి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. ఒక్కసారి తిరిగి చూద్దామనిపించింది గానీ, చెవి గుర్తొచ్చి ఇంకా జోరు పెంచింది. రిబ్బను ఛాతీకి తగిలి ఎగిరిపోయింది.

గెలిచేసింది! రొప్పుతూనే మాస్టారి దగ్గరికి పరిగెత్తింది.

"చూడలేదు సార్! ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు!"

మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నారు.

"ఇప్పుడు చూడవే తల్లీ," అన్నారు నీరసంగా.

మిడత వెనక్కి తిరిగింది. తను బయల్దేరిన చోటే నిలబడి, అక్క ఎర్ర బేటన్ గాల్లో ఊపుతూ ఇంకా అరుస్తూనే ఉంది.

మిడత మెల్లగా గుప్పిట విప్పి చూసుకుంది. నీలం బేటన్.