లైటు తగలనీకు

"బాబూ, కడగని కలర్ రోల్స్ ఏవైనా మిగిలినాయా?"

ముసలాయన ప్రశ్న రాజ్‌కిరణ్‌కి అర్థం కాలేదు. గోల్ ఘర్ బజార్లో వాళ్ల తాత కన్నారావు నడిపిన ఫోటో స్టూడియో ఇప్పుడు అతని జెరాక్స్ షాపు.

"కడగడమంటే క్యా, అంకుల్? సబ్బుతోనా?"

"కాదు బాబూ, మందులో ముంచి బొమ్మ రప్పించడం. కలర్ మందు ఇప్పుడెక్కడుంది? బ్లాక్ అండ్ వైట్ మందులో కడిగినా వస్తాదట, ఈమధ్యే నేర్చుకున్నాను. రంగులు రావు. మనుషులొస్తారు."

అటక మీద రేకుడబ్బా ఉంది. సునామీకి ముందు ఎవరెవరో ఇచ్చి, మళ్లీ రాని రోల్స్. పన్నెండు కవర్లు, వాటి మీద తాత తెలుగు రాత. రాజ్‌కిరణ్ తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క చదవలేడు.

"ఎంత తీసుకుంటారు?"

"ఏమొద్దు."

ఊరికే చేస్తానంటే నమ్మే రోజులా ఇవి? ఫిల్ములోంచి వెండి తీస్తారని ఎక్కడో విన్నాడు. దీవుల్లో ఉండేవాళ్లకిచ్చే ఐలాండర్ గుర్తింపు కార్డు చూపించమన్నాడు. దానయ్య, వండూర్. కార్డు అసలుదే. అనుమానం మాత్రం పోలేదు.

"రేపు రండి."

దానయ్య గోడ మీది పాత తెలుగు బోర్డు చదివాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు.

"రోల్స్‌కి లైటు తగలనీకు బాబూ," అని వెళ్లిపోయాడు.

లైటు తగలకూడదా? అంత దాచాల్సింది ఏముంది?

ఆయన మలుపు తిరగ్గానే రాజ్‌కిరణ్ డబ్బా దించాడు. చేతికందిన కవరు తెరిచి, ఫిల్ము బారెడు లాగి ఎండకెత్తి చూశాడు. ఒక్క బొమ్మ లేదు. చుట్టచుట్టి కవరుతో సహా సొరుగులో పడేశాడు.

మర్నాడు దానయ్య పదకొండు కవర్ల మీది పేర్లూ చదివాడు. మళ్లీ మొదటినుంచీ చదివాడు.

"ఇంతేనా బాబూ?"

"బస్, ఇంతే."

ఆయన కవర్లు ఒక్కొక్కటే సంచిలో సర్దుకున్నాడు.

"పోన్లే. ఇవైనా కడుగుతాను. ఎవరి మనుషులో పాపం."

రెండు వారాలైనా మనిషి జాడ లేదు.

"చూశావా మామ్మా, రోల్స్ లేకే భాగ్ గయా, ఉడాయించాడు!" అన్నాడు రాజ్‌కిరణ్ ఇంట్లో.

మూడోవారం వండూర్ బస్సు కండక్టర్ వీరేంద్ర ఆ కవర్ల కట్ట తెచ్చిచ్చాడు.

"దానయ్య పంపాడు భయ్యా. అందరి ఫోటోలూ తాడు మీద ఆరేశాడు. ఆయన గోడకి మాత్రం ఒక్కటీ లేదు. సునామీలో అన్నీ పోయాయట."

పెళ్లిపందిరి. కొత్త పడవకి పసుపు రాస్తున్న ఆడవాళ్లు. పళ్లూడిన పిల్లాడి నవ్వు. అన్నీ నలుపు తెలుపుల్లోనే.

మామ్మ మహాలక్ష్మమ్మ షాపుకొచ్చి కవర్ల మీది పేర్లు చదివి, తెలిసినవాళ్లకి కబురంపింది. బుల్లమ్మ అనే ఆవిడ పోయిన కొడుకు ఫోటో గుండెకి అదుముకుని షాపులోనే కూలబడింది. రాజ్‌కిరణ్‌కి సిగ్గేసింది.

"ఆ బోర్డింకా తియ్యలేదేట్రా?" అంది మామ్మ.

"ఏముంది అందులో?"

"రసీదు లేనిదే రోల్ ఇవ్వబడదు, అని. అందరి రసీదులూ సముద్రంలో కలిసిపోనాయి కదరా!"

రాజ్‌కిరణ్ గబగబా బల్ల వెనక్కెళ్లాడు. సొరుగులోంచి ఆ ఫిల్మూ, కవరూ తీసిచ్చాడు.

"అయ్యో, బయటికి లాగేసినావేట్రా! కడక్కముందు లైటు తగిల్తే ఇంకేటి మిగల్దు. ఎవరిదో పాపం..."

మామ్మ కళ్లజోడు సవరించుకుని కవరు మీది రాత చదివింది:

"దానయ్య, వండూర్. పాప అమ్ములు మొదటి పుట్టినరోజు."