వదిన కోరిన వరం

“నీ పెళ్లాం ఏటడిగినా దేవత ఇచ్చేస్తాది. నాకైతే పాచికలే దిక్కు!” ఈశ్వరి అన్న మీద విరుచుకుపడింది.

పాచికలు వేస్తూ, తలో పాత్రై ముగ్గురూ ఇంట్లో ఆడుకునే ఆ కథల ఆటలో కథ నడిపేదీ, దేవతై పలికేదీ ధనరాజే. అతని భార్య దుర్గాభవాని పూజారిణి, చెల్లెలు ఈశ్వరి యోధురాలు. పెళ్లయిన దగ్గర్నుంచీ అన్న వదిన పక్షమేనని ఈశ్వరి కడుపుమంట.

ఈసారి కథలో భావనపాడు సముద్రంలోంచి లేచిన రాక్షసుడు ఇద్దర్నీ పడగొట్టాడు. పూజారిణికి ఒక్కరి ప్రాణం నిలిపే వరమొకటే మిగిలింది. దుర్గాభవాని ఎప్పటిలాగే భర్త చెవిలో కోరుకుంది.

ధనరాజ్ కథ అందుకున్నాడు. “పూజారిణి సచ్చిపోనాది. ఈశ్వరీ, నువ్వు లేసి నిలబడ్డావు.”

ఈశ్వరి తెల్లబోయింది. “ఇన్నాళ్లూ ఆటలో నా దెబ్బలు మానినాయంటే...”

“నీ బలమనుకున్నావేటి? మీ వదిన ఎప్పుడూ నీ పేనం నిలబెట్టమనే అడిగినాది.”

ఈశ్వరి వదిన పక్కకు జరిగి కూర్చుంది.

“మళ్లీ మొదలెట్టన్నా. ఈపాలి పూజారిణి నేను.”