పావెకరం వడ్లు

"హనుమప్పా, ఈ బోరు కింద పండిన వడ్లు ఇంట్లో ఎవరైనా తింటున్నారా?"

చేను గట్టున జీపు దిగీ దిగకముందే కమలాక్షి మేడం అడిగిన మాట అది. గుడిబండ చుట్టుపక్కల బోర్లలో నీళ్లు సీసాలకు పట్టి, పరీక్షకు పంపే ఉద్యోగం ఆమెది. పోయిన నెల హనుమప్ప బోరు నీళ్లతో పాటు గుప్పెడు వడ్లు కూడా పట్టుకుపోయింది. ఇప్పుడు చేతిలో కాగితం ఉంది గానీ, మొహంలో కళ లేదు.

"తినేదానికే కదా మేడం పండించేది! మా పాప అశ్విని పురిటికొచ్చి రెణ్ణెల్లాయ. కడుపుతో ఉండాది, వరన్నం తిననీలే అని పెట్టినా."

పెట్టింది పావెకరం, గర్వం మాత్రం పదెకరాలది. నీళ్లు చాలక చివరికి వచ్చినవి రెండు మూటలు. అవే పురుడయ్యేదాకా రావాలని దినానికి సోలెడు బియ్యమే వండమని పెళ్లాం అంజనమ్మకు గట్టిగా చెప్పాడు.

కమలాక్షి కాగితం మడత విప్పింది. "నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉంది హనుమప్పా. అది వడ్లలోకీ ఎక్కింది."

"విషమా!"

"పెద్దవాళ్లు రెండు మూడు నెలలు తిన్నా పెద్దగా ఏమీ కాదు, ఇప్పుడు మానేస్తే చాలు. తాగేది ఊరి కొళాయి నీళ్లే, అవి బాగున్నాయి. నా భయమంతా కడుపులో బిడ్డ గురించే."

ఆ మాట పూర్తిగా వినకుండానే హనుమప్ప ఇంటికి పరుగు తీశాడు. వెనకే కమలాక్షి. పంచె ఊడుతున్నా పట్టించుకోలేదు మనిషి. అశ్విని వసారాలో కూచుని చెనిక్కాయలు వలుస్తోంది. హనుమప్ప ఆమె ముందు కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"నా చేతుల్తో నేనే నీకు విషం పెడితినే తల్లీ!"

ఏడుపు విని అంజనమ్మ పొయ్యి దగ్గర రాగిసంగటి కెలికే కట్టె వదిలేసి వచ్చింది. కమలాక్షి సంగతంతా చెప్పి, అశ్విని పక్కన కూచుంది.

"రోజుకు ఎంత తింటున్నావమ్మా? దాచకుండా చెప్పు."

అశ్విని తల్లి వైపు చూసింది. తల్లి నేల వైపు చూసింది.

"ఒక్క మెతుకు కూడా తినలేదు మేడం."

"నేను భయపడతానని అబద్ధం చెప్తాండావు!" అన్నాడు హనుమప్ప.

"లేదు నాయనా. వచ్చినప్పటి నుంచీ ఉత్త రాగిపిండి సంగటే తింటాండా."

"నిజమేనయ్యా, ఆంజనేయసామి మీద ఒట్టు," అంది అంజనమ్మ. "నేనూ అదే, పాపా అదే. ఆ బియ్యం మా నోట్లోకి పోలేదు."

కమలాక్షి గట్టిగా ఊపిరి వదిలి, ఆ కాగితంతోనే విసురుకుంది. పొద్దున్నుంచీ గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది ఆమెకు. "బిడ్డ అదృష్టవంతుడమ్మా," అని నవ్వింది.

హనుమప్ప కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ కారాయి, మళ్లీ తుడుచుకున్నాడు. బోరు పోతే పోనీ, వడ్లు పోతే పోనీ, పాప బాగుంది. అంతకంటే ఇంకేం కావాలి! కూతురి తల నిమిరి, నిమిరి, ఉన్నట్టుండి ఆగాడు.

"అవునుగానీ, దినామూ నీ కోసమనే కదా వండించింది? యాల తినకపోతివి?"

అంజనమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అశ్వినే మెల్లగా చెప్పింది.

"ముందు నీకు పెట్టేది కదా నాయనా. బాగుండాదని దినామూ నువ్వు మారు పెట్టించుకుంటాంటివి. మా దాకా వచ్చేసరికి గిన్నెలో యాడ మిగులుతాండె?"