ఒళ్లో గూడ్సు బండి

“పోటీలో నా పేరు కూడా రాయి,” అన్నాడు తిరుమలరావు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలంతా గొల్లున నవ్వింది. పేర్లు రాసుకుంటున్న ఓంకార్ పెన్ను పక్కన పెట్టేశాడు.

“మజాక్ చేయకండి అంకుల్‌జీ. ఇది మీరు ఆడేది కాదు.”

“ఏటి? నానెందుకు ఆడకూడదు?”

ఓంకార్ తల దించుకుని ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

బిలాస్‌పూర్‌లో ఇప్పుడు ఎవరి బ్యాగు తెరిచినా ఆ మిషనే. మధ్యలో స్క్రీను, అటూ ఇటూ మీటలు, చేతుల్లో పట్టే గేమింగ్ కంప్యూటర్. డ్యూటీ దిగిన కుర్రాళ్లు రన్నింగ్ రూములో మంచం ఎక్కగానే దాన్నే బయటికి తీస్తారు. ఒళ్లు హూనమయ్యేదాకా రైలు నడిపి, అలసట తీరడానికి మళ్లీ రైలే నడుపుతారు! ఎవరో పుణ్యాత్ముడు మన లైను మొత్తాన్ని, స్టేషన్లూ సిగ్నళ్లూ చెట్లతో సహా, ఆ ఆటలోకి ఎక్కించాడు మరి. అందుకే ఈ ఆదివారం పోటీ. బిలాస్‌పూర్ నుంచి అకల్తరా దాకా యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు గూడ్సు. ఎర్ర సిగ్నల్ దాటితే అవుట్. దాటకుండా అందరికంటే ముందు చేర్చినవాడిదే గెలుపు.

తిరుమలరావు ఇదే లైను మీద ఇరవై ఎనిమిదేళ్లు నిజం గూడ్సు నడిపాడు. మూడేళ్ల కిందట షుగరు ముదిరిందని, మెడికల్‌లో తప్పించి, ఇంజన్ దింపేశారు. ఆఫీసులో కుర్చీ ఇస్తామన్నారు. “ఆ కుర్చీ మీరే ఉంచుకోండి” అని సర్కండాలో సొంత ఇంటికి వెళ్లిపోయాడు. అప్పటిదాకా ‘డ్రైవర్ సాబ్’ అన్న నోళ్లన్నీ ఆ మర్నాటి నుంచే ‘అంకుల్‌జీ’ అనడం మొదలుపెట్టాయి. ఆయన పక్క సీట్లో కూర్చుని పని నేర్చుకున్న ఈ ఓంకార్ కూడా! అదే ఆయన మంట.

కూతురు ప్రత్యూష సరదాపడి తెచ్చుకున్న మిషన్ను లాక్కుని, రెండేళ్లుగా పొద్దస్తమానం దాంతోనే కూర్చుంటున్నాడు. “పోటీకెందుకు నాన్నా, నలుగురూ నవ్వుతారు” అని ఆ పిల్ల బతిమాలింది.

“నవ్వనీయే. వాళ్ల నోరు, వాళ్ల పళ్లు,” అన్నాడు.

ఇప్పుడు ఆ మిషన్ను ఓంకార్ ముందు బల్ల మీద పెట్టాడు.

“ఓడితే ఇది నీకిచ్చీసి పోతాను. మరి ఈ గుమ్మం తొక్కను. గెలిస్తే మాత్రం అందరి ముందూ నన్ను డ్రైవర్ సాబ్ అనాలి. అంటావా, అనవా?”

“అచ్ఛా, ఠీక్ హై,” అని ఓంకార్ పేరు రాసుకున్నాడు.

భార్య ఉషారాణి ఆయన పక్కకి కుర్చీ జరుపుకుని కూర్చోగానే ఓంకార్ మళ్లీ గొడవకి దిగాడు.

“మేమంతా ఒక్కొక్కళ్లమే ఆడాం. ఆంటీ పక్క నుంచి చెబితే చీటింగ్ అయిపోదా?”

“అసిస్టెంట్ సిగ్నల్ పిలవాల, డ్రైవర్ దాన్ని మళ్లీ పలకాల. ఇంజన్‌లో నీకు నేర్పింది అదే కదరా? నీ పక్కన ఎవలూ కూకోకపోతే అది నీ ఖర్మ!”

ఈసారి హాలు ఓంకార్‌ని చూసి నవ్వింది.

ఆట మొదలైంది. తిరుమలరావు మిషన్ను ఒళ్లో పెట్టుకుని, మోటారు మోత హాలంతా వినబడేలా పెంచి, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. వంగి ఆడితే డ్రైవరు పరువు పోతుందన్నట్టు! అంత పొగరేమిటో ఆ మనిషికి.

“స్టార్టర్ గ్రీన్!” అని బయల్దేరే సిగ్నల్ పిలిచింది ఉషారాణి.

“గ్రీన్!” అన్నాడు ఆయన.

ఇక ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు. “స్పీడు అరవై! ముందు డబుల్ ఎల్లో!” “డబుల్ ఎల్లో!” “ముప్పై బోర్డు వస్తంది!” “ముప్పై!” ఆయన బొటనవేలు మీట మీద వెంట్రుకవాసి కదిలేది, అంతే. గతోరా దాటింది. జైరాంనగర్ దాటింది. వెనక నిలబడ్డ కుర్రాళ్ల కిచకిచలు ఆగిపోయాయి.

కోట్మీసోనార్ ముందు ఎల్లో పడింది. స్పీడు బాగా తగ్గించాడు. ఆ తర్వాత మలుపు. అక్కడ ఉషారాణి గొంతు ఠక్కున ఆగింది.

మరుక్షణం ఆయన బ్రేకు పూర్తిగా వేసేశాడు.

“ఏటైందే?”

“చెట్టు అడ్డొచ్చిందండీ! సిగ్నల్ కానరాలేదు!”

“కానరాకపోతే ఎర్రదే!”

రైల్వేలో రూలు అదే. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, కీచుమంటూ ఆగాయి. చెట్టు దాటాక చూస్తే సిగ్నల్ నిజంగానే ఎర్రగా ఉంది. ఇంజన్ దానికి బారెడు ఇవతల నిలబడింది. టైము కలిసొస్తుందని పరిగెత్తిన పదకొండు మంది పొద్దుట్నుంచి ఆ మలుపులోనే అవుటయ్యారు. ఓంకార్ ఒక్కడే బయటపడ్డాడు.

తిరుమలరావు అకల్తరా చేరేసరికి ఓంకార్ కంటే పద్నాలుగు సెకన్లు ముందున్నాడు.

“డ్రైవర్ సాబ్,” అని ఓంకార్ గొణిగాడు.

“గట్టిగా అనరా! ఇంజన్‌లో కూడా ఇలాగే గొణుగుతావేటి?”

“డ్రైవర్ సాబ్!”

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఉషారాణి పట్టలేక ఏడ్చేసింది. మూడేళ్ల తర్వాత ఆ మాట విన్న సంతోషం ఆవిడది.

ఓంకార్‌కి మాత్రం ఉక్రోషం ఆగలేదు. “వచ్చే ఆదివారం ఆటలో పొగమంచు పెడతాం. అప్పుడు ఆంటీ ఏం చూసి పిలుస్తారో మేమూ చూస్తాం!” అన్నాడు.

తిరుమలరావు పగలబడి నవ్వాడు.

“పొగమంచేటిరా, అమాస చీకటే పెట్టుకో, రెండు కళ్లూ పోయిన కాడి నుంచి నాను బండి నడుపుతున్నది అందులోనే కదా!”