ఒక్కపొద్దు లేని అత్తాకోడళ్లు

రంజాన్ ఒక్కపొద్దుల్లో మిట్టమధ్యాహ్నం మెల్లిగా వంటింట్లోకి వచ్చిన మాబున్నికి, సంగటి ముద్ద మింగుతున్న అత్త గుల్జార్‌బీ కనబడింది.

ఇద్దరికీ ముట్టే. ముట్టయినోళ్లకు ఒక్కపొద్దు లేదు గానీ, మగోళ్ల కంటబడకుండా తినాల.

"నీకింగా తగ్గలేదా మే?" అంది అత్త.

"లేదత్తా. నడుము గూడా లాగుతాంది." మాబున్ని తల వంచుకుంది. "చంటిది పాలు మానకముందే ఇంగో కాన్పు వద్దని, నీకు చెప్పకుండా ప్రొద్దుటూరులో లూపు ఏయించుకున్యా."

కోడలు తిట్లకు సిద్ధపడింది. అత్త జరిగి చోటిచ్చి, బెల్లంముక్క చేతిలో పెట్టింది.

"తిను. మొదట్లో ఇట్లే ఎక్కువ పోతాది, తర్వాత సర్దుకుంటాది. నాకు ఏసినప్పుడు నర్సమ్మ చెప్పింది. మీ మామకు తెలీదు."

అప్పుడే వసారాలో పిల్లోళ్లను గదమాయిస్తున్న మామ గొంతు వినబడింది. "సప్పుడు చేయాకండ్రా. పాపం, ఆడోళ్లు ఒక్కపొద్దుతో సొమ్మసిల్లి పండుకోనుండారు."

గుల్జార్‌బీ సప్పుడు కాకుండా కోడలికి సంగటి ముద్ద పెట్టింది.