నాలుగో బిళ్ళ

ఎరువుల కంపెనీ వాళ్ళు గుడివాడ డీలర్లను పట్టాయా తీసుకెళ్ళినప్పుడు, ఓ బారులో ఒక అమ్మాయి నిలువు గాడులున్న ప్లాస్టిక్ చట్రం తెచ్చి నా ముందు పెట్టింది. పైనుంచి బిళ్ళలు వేయాలి. నాలుగు వరసగా పడితే గెలిచినట్టు. మన దాడి ఆట లాంటిదే.

"పర్సు జాగ్రత్త బావా," అన్నాడు పక్క షాపు గిరిధర్.

రెండాటలు నేనే గెలిచాను. అనుమానం అక్కడే మొదలైంది. మా ఊరి క్లబ్బుల్లో పేకాటకు కొత్తవాడొస్తే ముందు గెలిపిస్తారు, ఆనక పందెం పెంచి ఊడ్చేస్తారు.

మూడో ఆటలో ఆమెకు మూడు బిళ్ళలు వరసగా పడ్డాయి. ఇంకొకటి వేస్తే గెలుపే. చూసి చూసి పక్క గాడిలో వేసింది.

ఇక్కడా అదే వల అనుకుని, "నో మనీ," అంటూ లేచాను.

ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. నేను పర్సు పట్టుకున్నాను. ఆమె చూపు మాత్రం నా మీద లేదు. నేను లేవడం చూసి, వెనక బల్ల దగ్గర తప్పతాగిన ఒకడు ఆమెను రమ్మని వేలు ఆడిస్తున్నాడు. బారు నడిపే ఆవిడ అతనికి మా ఆట చూపించి, అయ్యేదాకా ఆగమని సైగ చేసింది.

మళ్ళీ కూర్చున్నాను.

"అవతల బస్సు వెళ్ళిపోతోంది. ఆ అమ్మాయి కోసమేనా బావా?" గిరిధర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"అవును," అన్నాను.

ఈసారి నాకు మూడు పడ్డాయి. నాలుగోది పక్క గాడిలో వేశాను.