ఆయనకు నచ్చిన వ్యాసం

పరీక్షలు దగ్గరపడ్డాయి. పాఠంగా ఉన్న పాత నాటకం, అనుమానంతో భార్యను చంపుకున్న రాజు కథ, ఆమెకు కంఠతా వచ్చు. విమర్శకులు ఏమన్నారో కూడా చూసుకోవాలని లైబ్రరీ నుంచి వ్యాస సంకలనం తెచ్చుకుంది.

పెళ్లయ్యాక పేపరు కూడా తిరగెయ్యని భర్త ఆ సాయంత్రం ఆ పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు.

"నువ్వు పని చేసుకో. నేను చదివి చెప్తా."

ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది.

"అందరూ రాజునే తిట్టారే!" అన్నాడు పేజీలు తిప్పుతూ.

"తిట్టరా మరి? పాపం, ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు కదండీ."

"ఒక్కాయన మాత్రం వేరేగా రాశాడు. మొగుడు అడక్కముందే తనే నిజం చెప్పేసుంటే ఆవిడ బతికేదట."

"పసలేని వాదనండీ అది. రాస్తే మార్కులు పడవు" అంటూ నవ్వుతూ వెనక్కి తిరిగింది.

అతను నవ్వడం లేదు. కుర్చీ లోపలికి జరిపి, వంటింటి తలుపు మూసి గడియ పెట్టాడు.

"నాకు ఆ వ్యాసమే నచ్చింది" అన్నాడు నెమ్మదిగా. "నేనింకా ఏమీ అడగలేదు. చెప్పు."